ఊరంతా తిట్టిన అత్త

ఆ రోజుల్లో నటి అంటే అందంగా కనిపించాలి, జనం చప్పట్లు కొట్టాలి, అంతే అనుకునేదాన్ని. అప్పుడప్పుడే చదువు ముగించి, చండ్రుగొండ వైపు అడవి ఊళ్లలో వీధి నాటకాలు వేసే కళాజాత బృందంలో చేరాను. కాన్పు దవాఖానలోనే జరగాలని చెప్పే నాటకం అది. కోడలి వేషం నాదేననే ధీమాతో అద్దం ముందు ఏడుపు కూడా సాధన చేసుకున్నాను. మమ్మల్ని నడిపించే మాస్టారు నా గొంతు విని, నాకు అత్త వేషం ఇచ్చేశారు. (ఆయన ఎంత తేలిగ్గా చెప్పారో, మింగడం నాకంత కష్టమైంది.)

మా నాన్నకు అసలీ పనే గిట్టదు. కల్లూరులో పరువుగా సేద్యం చేసుకునే ఇంటి పిల్ల వీధుల్లో గంతులేయడమేమిటని ఆయన బాధ. ఒక్క ఆట చూస్తాననీ, నచ్చకపోతే ఆ సాయంత్రమే నన్ను ఇంటికి తీసుకుపోతాననీ చెప్పి వచ్చి, జనం వెనక మోటారు సైకిల్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మా నాటకానికి వేదికా లేదు, తెరా లేదు. డప్పు మోగితే జనం చుట్టూ కూర్చుంటారు, మధ్యలో మేం ఆడతాం. నాన్న ఉన్నారన్న భయమో, ఉక్రోషమో గాని, ఆ రోజు నాకు అత్త పూనింది. కడుపుకు దిండు కట్టుకున్న కోడలు (నా స్నేహితురాలే) నొప్పులతో మెలికలు తిరుగుతుంటే, మేమంతా ఇంట్లో కనలేదా అంటూ నడుం మీద చేయి వేసుకుని విర్రవీగాను. ఇక్కడ డాక్టరు వేషంలో మాస్టారు వచ్చి నా కళ్లు తెరిపించాలి. ఆయన అక్కడ ఆగి ఉన్న ట్రాక్టరు వెనక తెల్లకోటు గుండీలు పెట్టుకుంటుండగానే, ముందు వరుసలోంచి ఒక అవ్వ లేచి వచ్చేసింది. ముందు తమ ఆదివాసీ భాషలో తిట్టి, నాకు అర్థం కాలేదేమోనన్న దయతో మళ్లీ తెలుగులో తిట్టింది.

"ఏందే, పిల్ల గట్ల అల్లాడుతాంటే నీకు కనవడ్తలేదా? పక్కకు జరుగు. లే బిడ్డా, నేను తీస్కపోత."

(నాటకమని ఆమెకు తెలియదనుకునేరు. తర్వాత అడిగితే, "నాకెరుకే, అయితే ఊకుంటమా" అంది.) ఆట మధ్యలో వేషం వదలకూడదని మాస్టారి కట్టడి కాబట్టి నేనూ దారికి అడ్డం నిలబడ్డాను. మరికొందరు ఆడవాళ్లు లేచి నన్ను నెట్టేసి, జారిపోతున్న దిండును రెండు చేతులా పట్టుకున్న కోడల్ని మేం వచ్చిన ఆటోలో ఎక్కించారు. ఆటో నడిపేది మా డప్పు కొట్టే అన్నే. ఏం చేయాలో తోచక స్టార్ట్ చేసేశాడు. డాక్టరు పరుగున వచ్చేసరికి పేషెంటే లేదు.

అత్త మారకపోతే నాటకం ముగిసేదెట్లా? ఆటో వెంట పరుగెత్తుతూ, "నేను గూడ వస్త, నా కోడల్ని నేనే చూసుకుంట" అని ఏడ్చాను. ఆ ఏడుపు సాధన చేసింది కాదు. అవ్వ ఆటో ఆపించి, నన్ను ఎగాదిగా చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఆటోలో ఊరు దాటి మళ్లీ వెనక్కి వచ్చేసరికి, నాన్న పక్కన ఒకాయన ఇంకా నన్ను తిడుతూనే ఉన్నాడు. గంత కఠినమైనదాన్ని ఎవరు కన్నారోనని ఆయన అంటుంటే, మా నాన్న కట్టుకున్న చేతులు విప్పి, మీసం సవరించుకున్నారు.

"నా బిడ్డే" అన్నారు.

ఆ తిట్టు ఆయన సన్మానంలాగా అందుకున్నారు. పొద్దు గూకకముందే ఒక్కరే బండెక్కి కల్లూరు వెళ్లిపోయారు. అంత గర్వం నాకు మళ్లీ ఏ ఆటలోనూ కలగలేదు.

ఇప్పుడు నేను సత్తుపల్లిలో పిల్లలకు నటన నేర్పుతూ, పిలిచిన చోట నాటకాలు వేస్తున్నాను. ఆట అయ్యాక జనం నాతో సెల్ఫీలు దిగి, బాగా చేశారు మేడమ్ అంటారు. సంతోషమే. ఈ వయసులో ఇదేం పిచ్చోగాని, నవ్వుతున్న ఆ ముఖాల మధ్య నన్ను కోపంగా చూసేవాళ్లు ఒక్కరైనా ఉన్నారేమోనని వెతుక్కుంటాను.