వెనుక ఎడమ స్తంభం

మా పక్కింటి డ్రాయింగు సారు పోయారన్న వార్త నాకు గోడ అవతలి నుంచి వచ్చింది. ఆదివారం ఉదయం నేను పారాయణం ముగించి పుస్తకానికి బట్ట చుడుతుండగా ఆయన భార్య ప్రహరీ దగ్గరికి వచ్చి, "పంతులుగారూ, సారు లేరు. దవాఖానకెల్లి ఇప్పుడే ఫోనొచ్చింది," అన్నారు. మంచినీళ్లు అడిగినంత మెల్లగా అన్నారు. ఆ బట్టకు ముడి వేశానో లేదో నాకు ఇప్పటికీ గుర్తు లేదు.

ఆయనను గురించి రాయదగినవారు ఆయన శిష్యులు. పాలిటెక్నిక్‌లో ఆయన దగ్గర గీత గీయడం నేర్చుకున్నవారు ఈ హనుమకొండలోనే ఎందరో ఉన్నారు. నేను తెలుగు, సంస్కృతం చెప్పుకొని బతికినవాణ్ణి. అయినా రాస్తున్నానంటే, ఆయన మోసిన ఒక తప్పు నాది. ఆ సంగతి దాచిపెట్టి ఆయన మంచితనాన్ని కీర్తిస్తే ఆ కీర్తన అబద్ధమవుతుంది.

రిటైరైన తరువాత ఆయన ముందుగదిలో ఒక కంప్యూటరు పెట్టుకున్నారు. బియ్యం మిల్లులకూ మిర్చి యంత్రాలకూ సామాను చేసే చిన్న వర్క్‌షాపులవారు వచ్చి బొమ్మలు గీయించుకునేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా మార్చకుండానే ఆ తెర ముందు కూర్చునేవారు. గీసిన యంత్రం కుడివైపున తిరుగుతూ ఉండేది. ఎడమవైపున పేర్ల వరుస. యంత్రం కింద దాని భాగాలు, భాగం కింద దాని ముక్కలు, ముక్క కింద దాని మేకులు, మరలు. వంశవృక్షాన్ని తలకిందులుగా వేలాడదీసినట్టు ఉండేది. ముక్కలను జతచేసి యంత్రంగా కూర్చడాన్ని ఆయన 'అసెంబ్లీ' అనేవారు. పేరు పెట్టకపోతే కంప్యూటరు తానే 'పార్ట్ ఒకటి', 'పార్ట్ రెండు' అని పెట్టుకుంటూ పోతుందట. అది ఆయనకు గిట్టదు.

"పేరు పెట్టేటప్పుడు మనం ఉంటం పంతులుగారూ. వెతికేటప్పుడు ఉండం," అనేవారు.

పాత విద్యార్థులు పంపే ఫైళ్లను చూసి ఆయన పడే అవస్థ నాకు వినోదంగా ఉండేది. 'ఫైనల్', 'ఫైనల్ రెండు', 'ఇదే ఫైనల్' అని వరుసగా ఉండేవి. "ఇది ఎన్నిసార్లు సచ్చి బతికిందో సూడుండ్రి," అని నవ్వేవారు. వంటింట్లో డబ్బాలకు కూడా చీటీలు అంటించారు. "ఉప్పు మీద ఉప్పు అని రాసిండు. నాకెరుక లేదా?" అని ఆయన భార్య నాతో మొరపెట్టుకున్నారు. "నీకు ఎరుకే. నీకు జెరమొస్తే పొయ్యి కాడ నిలబడేది నేను గదా," అన్నారాయన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఒకనాడు నేను వేదాధ్యయన పద్ధతిని ఆయనకు వివరించాను. మంత్రాన్ని మొదట అఖండంగా వల్లించి, తరువాత పదం పదంగా విడదీసి, మళ్లీ రెండేసి పదాలు జతపరుస్తూ పోతామనీ, అందువల్లనే ఇన్ని తరాలు గడిచినా ఒక్క అక్షరమూ జారిపోలేదనీ చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీశారు. "అంటే మీదీ అసెంబ్లీయే," అన్నారు. నా విద్యను అంత క్లుప్తంగా, అంత గౌరవంగా ఎవరూ నిర్వచించలేదు.

ధర్మసాగర్ దగ్గరి ఒక ఊరి గుడికి కొత్త రథం చేయించే పని వచ్చినప్పుడు శాస్త్రవిషయాలు చూడమని కమిటీవారు నన్ను పిలిచారు. పాత రథం చెదలు తిని పోయింది. కొలతలు తెలిసిన ముసలి వడ్రంగులు కూడా లేరు; పని ఒప్పుకున్న వడ్రంగి వయసులో చిన్నవాడు. బొమ్మలు గీయడానికి సారు పేరు నేనే చెప్పాను. ఆయన పాత రథపు చెక్కలను రెండు వారాలు టేపు పట్టుకొని కొలిచి, రథాన్నంతా కంప్యూటరులో నిలబెట్టారు. చివరికి పేర్ల వంతు వచ్చింది.

అక్కడ నా పాండిత్యం నిద్ర లేచింది. ఇరుసు అన్నచోట అక్షమన్నాను, చక్రపు ఆకు అన్నచోట అరమన్నాను. మండపాన్ని మోసే నాలుగు స్తంభాలకు ధర్మం, అర్థం, కామం, మోక్షం అని పేర్లు రాసిచ్చాను. మనిషిని మోసేవి ఆ నాలుగే కనుక దేవుని రథాన్ని మోసేవాటికి అవే తగునని నా ఊహ.

"పేర్లు మంచిగున్నయి. గని ముందుది ఏదో, ఎనకది ఏదో పేరు సూస్తే తెలుస్తదా? వడ్లాయనకు సమజ్ కావాలె గదా," అన్నారు సారు, వడ్రంగిని తలచుకుని.

"పురుషార్థాలకు కూడా ముందువెనుకలు చెప్పాలా సారూ?" అన్నాను నేను. ఆ మాటలో ఉన్న ఎత్తిపొడుపు ఆయనకు అందింది. నవ్వి, "సరే, పెద్దోళ్లు మీరు," అని నేనిచ్చిన పేర్లే ఎక్కించారు.

ముందు కుడి మూలన మొదలుపెట్టి ప్రదక్షిణంగా తిరగాలని నా మనసులో ఉంది. అలా తిరిగితే ధర్మమూ మోక్షమూ ముందు నిలుస్తాయి. అది చెప్పవలసిన విషయమని నాకు తోచలేదు, అందరూ అలాగే లెక్కిస్తారనుకున్నాను. సారు మాత్రం ప్రతి వరుసనూ కుడి నుంచి ఎడమకు లెక్కిస్తూ ముందు వరుసలో ధర్మం, అర్థం, వెనుక వరుసలో కామం, మోక్షం ఉంచారు.

స్తంభాలు చెక్కడం పూర్తయ్యాక, కప్పు ముందుకు కొంచెం వాలి ఉండాలని కమిటీవారు కోరారు. ముందటి రెండు స్తంభాలనూ జానెడు తగ్గించమని సారు కబురు పంపి బయటి పరీక్షకుడిగా పిలుపు వచ్చి నర్సంపేట వెళ్లారు. ఆయన ఫోను అందక, పేర్లు మాత్రమే రాసి ఉన్న స్తంభాల ముందు నిలబడి వడ్రంగి నాకు చేశాడు.

"పంతులుగారూ, ముందటియి ఏవేవి?"

"ధర్మం, మోక్షం," అన్నాను. బొమ్మ చూడలేదు. ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

నాలుగూ నిలబెట్టిన రోజున వెనుక ఎడమ స్తంభం, నా మోక్షం, జానెడు పొట్టిగా తేలింది. నెలరోజులు ఉలి పట్టి తీగలూ చిలుకలూ తీర్చిన నిలువెత్తు టేకు. అంత పొడవైన ఆరిన కర్ర మళ్లీ వెంటనే దొరకదు. ఉత్సవం పక్షం రోజుల్లో ఉంది.

కమిటీ పెద్ద సారు వైపు తిరిగి, "కంప్యూటర్ల గీస్తే తప్పు పోదంటిరి గద సారూ?" అన్నాడు. వెనుక నుంచి ఇంకొకాయన, "మన దేవుని పని మనోళ్లకే ఇయ్యాలెనని నేను ముందుగాలనే చెప్పిన," అన్నాడు. వడ్రంగి నన్ను చూశాడు. నేను నోరు తెరిచి ఏదైనా అనేలోపే సారు అతని చేయి పట్టుకుని, "తప్పు నాదే. పేర్లు ఎక్కించింది నేను. కర్ర నేను వెతికి తెస్త," అన్నారు.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఈ వ్యాసంలో అన్నిటికంటే కష్టపడి రాసిన వాక్యం ఇదే.

తిరుగు ప్రయాణంలో స్కూటరు మీద ఆయనే నన్ను ఓదార్చారు. "మీ మాట మీద ఆ ఊరు నడుస్తది. నాదేముంది, ఇయ్యాల అంటరు, రేపు మరుస్తరు. ఫికర్ చెయ్యకుండ్రి." వారు మరవలేదు. ఆ ఏడు దేవుణ్ణి భుజాల మీదనే ఊరేగించారు. మరుసటి ఏడు రథం కదిలినప్పుడు రాతిపలకపై శాస్త్ర సలహాదారుగా నా పేరు ఎక్కింది. సారు పేరు లేదు. బొమ్మలు గీయించుకుంటామన్న మరో రెండు ఊళ్లవారు మళ్లీ రాలేదు. ఉత్సవం నుంచి శాలువాతో తిరిగివచ్చిన నన్ను ఆయన ఒక్కటే అడిగారు: "మలుపు కాడ ఇరుసు సప్పుడు చేసిందా?"

చేయలేదన్నాను. తృప్తిగా తల ఊపారు. ఆ తరువాత ఎన్నో సాయంత్రాలు మేము పక్కపక్కనే కూర్చున్నాం. చెబుదామనుకున్న ప్రతిసారీ ఆయన ఏదో ఒక కొత్త యంత్రం చూపించేవారు. నేను దానిని సాకుగా చేసుకున్నాను.

సమాధుల తోట నుంచి వచ్చిన మూడోనాడు ఆయన భార్య నన్ను పిలిచి, "ఈ రథం ఫైలు ఏం జెయ్యాలె పంతులుగారూ? తీసేస్తే మల్ల రాదంట," అని కంప్యూటరు తెరిచారు. నా పేర్లు ఒక్కటీ లేవు. చక్రానికి గిర్ర, ఇంకా ఇరుసు, ఆకు అని వడ్రంగి మాటలున్నాయి. స్తంభాలు ముందు కుడి, ముందు ఎడమ, వెనుక కుడి, వెనుక ఎడమ అని ఉన్నాయి. రథం పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే కుడి అని పైన ఒక సూచన. ఆమె ఏదో నొక్కగా ప్రతి భాగానికీ పక్కన వివరణ గడి ఒకటి తెరుచుకుంది. అక్షం, అరం, ధర్మం, మోక్షం... నా మాటలన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. పనిచేసేవానికి పనికివచ్చే పేరు ఇచ్చి, నా మాటకు కూడా ఒక చోటు మిగిల్చారు. నాకు ఎన్నడూ చెప్పలేదు.

మర్నాడే ఆ ఊరికి వెళ్లాను. రథపు షెడ్డులో కమిటీ పెద్దనూ వడ్రంగినీ కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. వడ్రంగి నా ముఖంలోకే చూశాడు.

"సారు నా చెయ్యి పిసికిండు, అందుకే ఊకున్న. గీ మాట సారు ఉన్నప్పుడు అంటే అయిపోతుండె గద పంతులుగారూ."

అతనికి చేతులు జోడించాను.

"రాతిపలక తిరిగి చెక్కిస్తం," అన్నాడు పెద్దాయన.

"పలక సంగతి తర్వాత," అన్నాడు వడ్రంగి. "ఈ రథాన్ని రేపు ఎవడు ఇప్పినా ముందుగాల స్తంభం అడుగే సూస్తడు. ఆడ రాస్త." ఎర్రరంగు డబ్బా, సన్నని కుంచె తెచ్చాడు. సారు పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నేను కాగితం మీద రాసిచ్చాను. అతను సారు వెతికి తెచ్చిన కర్రతో చేసిన వెనుక ఎడమ స్తంభం కింద వెల్లకిలా పడుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ కాగితంతో సరిచూసుకుంటూ రాశాడు. రాయడం అయ్యాక లేవలేదు. తడి ఆరేదాకా ఈగలు వాలకుండా, ఒక అట్టముక్కతో ఆ పేరుకు మెల్లగా విసురుతూ అక్కడే పడుకున్నాడు.