బూటు విప్పితేనే కంప్యూటరు చూడాలట

పుంగనూరు అక్కా, మోకాళ్ల నొప్పి తగ్గిందా? కుప్పం మరదలా, దగ్గు ఎలా ఉంది? తమ్ముడు షుగరు మాత్రలు మానలేదు కదా? నాకు మాత్రం పొద్దుటి నుంచి కడుపు మండుతూనే ఉంది.

మనవరాలు పద్మ టీచరు పరీక్షకు చదువుతోంది. పోలియో వచ్చిన కాలికి ఇనుప కడ్డీల బూటు లేనిదే నిలబడలేదు. ఎక్కడ జారిపడుతుందోనని ఈ రోజు నేనూ తోడుగా మదనపల్లె లైబ్రరీకి వెళ్లాను. వరండాలో ఉండే పుస్తకాల పేర్ల కార్డులు తీసేశారు. అన్నీ ఏసీ గదిలో కంప్యూటర్లోకి ఎక్కించారట. గుమ్మంలోనే గుమాస్తా ఆపేశాడు.

"బూటు ఇప్పు పాపా. దుమ్ము పడితే కంప్యూటరు సెడిపోతాది."

"అది ఇప్పితే బిడ్డ పడిపోతాది అప్పా!" అన్నాను.

"అట్లయితే ఆడనే నిలబడి పుస్తకం పేరు సెప్పమను. నేను సూసి సెప్తా."

"పేరు తెలిస్తే నిన్ను యాల అడుగుతా సార్? ఏమేం పుస్తకాలుండాయో సూసుకోవాల," అంది పద్మ.

"నెట్టులో పెట్టేసినాం, లోకమంతా సూస్తాండాది. మీకే వచ్చిందా కష్టం?"

"ఈ గుమ్మంలో ఉండే బిడ్డ ఆ లోకంలో లేదా?" అన్నాను.

అతను తలుపు మూసేశాడు. నెట్ సెంటరేమో మిద్దె మీద ఉంది, ఆ మెట్లు పద్మ ఎక్కలేదు. ఉత్త చేతులతోనే బస్సెక్కి వచ్చేశాం. పరీక్షేమో మీద పడుతోంది.

ఆ కంప్యూటరుకున్న మడి మా ఇంట్లో దేవుడి గూటికి కూడా లేదు. మీ ఊళ్లలోనూ ఇంతేనా, చెప్పండి. సోమవారం పదింటికి మళ్లీ వెళ్తున్నాం. మరదలా, నీది దూరం, ఆదివారమే వచ్చేయ్. అక్కా, నువ్వు మొదటి బస్సుకు రా. పద్మను బూటుతోనే నడుమ పెట్టుకుని ముగ్గురం లోపలికి పోదాం.