కుడితి తొట్టిలో కవరు

నా చిన్నప్పుడు కంభంలో మా వీధి మొత్తానికి ఒకటే బర్రె ఉండేది, పక్కింటి అక్కది. ఆమెకు భర్త లేడు. ఆ బర్రె పాలు అమ్ముకునే ఇద్దరు పిల్లల్ని సాకేది. వీధిలో అందరూ బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు దాచి ఆమె కుడితి తొట్టిలో పోసేవాళ్ళు. ఎవరు పోసినా ఆమె చెంబెడు మజ్జిగ ఇచ్చి పంపేది. మా ఇంట్లో ఆ పని నాది.

అప్పుడప్పుడే దుకాణాల్లోకి ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. అంతకుముందు నాయన సంచి మరిచిపోయి బజారుకెళ్తే ఇంటికి తిరిగి రావాల్సిందే. మొదట్లో ఆ కవర్లంటే మాకెంత అపురూపమో! అమ్మ కడిగి దండెం మీద ఆరేసేది. ఇల్లంతా అవే అయ్యాక మోజు పోయింది. తొక్కలన్నీ ఒక కవర్లో వేసి, మూతి ముడివేసి నా చేతికిచ్చేది. నేను ముడి విప్పి తొట్టిలో కుమ్మరించాలి.

ఒక సాయంత్రం స్నేహితులు తొక్కుడుబిళ్ళకు పిలుస్తున్నారు. ముడి ఎంతకీ ఊడిరాలేదు. విసుగొచ్చి కవరు కవరుగానే తొట్టిలో పడేసి పరుగెత్తాను.

నాలుగు రోజులకు బర్రె మేత మానేసింది. డొక్క ఉబ్బింది. అక్క వాము కాచి తాగించింది, పగలంతా దాని మెడ నిమురుతూ కూర్చుంది. పశువుల డాక్టరు సూదులు వేసి పెదవి విరిచాడు. నేను చెబుదామని గోడ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేదాన్ని. చెప్పినా ఆ కవరును ఎవరు బయటికి తీస్తారు? మర్నాడు మధ్యాహ్నం బర్రె చచ్చిపోయింది.

ఎందుకు చచ్చిందో చూడాలని డాక్టరు పొట్ట కోయించాడు. అప్పుడు ఏడుస్తూ అక్కకు అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె నా చెయ్యి పట్టుకుని బర్రె దగ్గరికి తీసుకుపోయింది. లోపలినుంచి తీసిన కవర్ల ముద్ద తట్టెడు ఉంది.

"నీ ఒక్కదానిదే కాదులే పాపా. చూడు, ఎన్ని ఉండాయో. ఈదిలో అందరివీ ఉండాయి, మా ఇంటివీ ఉండాయి. ఎవుర్నని అడిగేది?" అంది.

ఆ మాటతోనే నాకు ఊపిరి వచ్చింది. అక్క మాత్రం ఆ ఏడే పిల్లల్ని తీసుకుని కొమరోలులో పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కవర్లు వాడకూడదని చట్టం వచ్చింది, బజారులో బోర్డూ పెట్టారు. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కవర్లు బల్ల కిందికి పోతాయి, వాళ్ళటు పోగానే పైకి వస్తాయి. నేను గుడ్డసంచి చాపితే కూరగాయలమ్మే అతను నవ్వుతాడు.

"నువ్వొక్కదానివి మానేస్తే ఆగిపోతాదా పెద్దమ్మా? నేనొక్కణ్ణి ఇయ్యకుంటే పక్క అంగడికి పోతారు" అంటాడు.

అక్క నన్ను ఓదార్చడానికి అన్న మాటే ఇప్పుడు అందరికీ సాకు అయింది. ఊరి చివర చెత్తకుప్ప మీద బర్రెలు మేస్తుంటే చూడలేక, చేతికి దొరికిన నాలుగు కవర్ల ముడులు విప్పి వస్తాను. తెల్లారేసరికి మళ్ళీ అంతే కుప్ప. వేళ్ళు కూడా మునుపటిలా వంగవు.

అక్కకు చెప్పనిది ఒకటి నాలోనే ఉండిపోయింది. ఆ రోజు ఆ ముద్దలో మా కవరును గుర్తుపట్టాను. ఆకుపచ్చది. అమ్మ వేసిన ముడి అలాగే ఉంది.