రోడ్డు అవతలికి వినిపించిన మైకు సెట్టు

ఆ రోజుల్లో నాకు సౌండు అంటే ఒకటే కొలత: ఎంత దూరం వినపడితే అంత మంచిది. మా కోహీర్ వైపు పెళ్ళిలో మైకు పక్క ఊరికి వినపడితేనే పెళ్ళి ఘనంగా జరిగినట్టు లెక్క. (వినపడకపోతే పక్క ఊరి చుట్టాలు "మీ ఇంట్ల పెండ్లయిందా? మాకెర్కనే లేదు" అని పరువు తీసేవారు.) మరీ పాతకాలం ముచ్చటేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, వీడియో మీటింగులు వచ్చేశాయి. నా బుర్ర మాత్రం ఇంకా పెళ్ళి పందిట్లోనే ఉంది. డిగ్రీ చేతపట్టుకుని జహీరాబాద్‌లో రైతుల సంఘం ఆఫీసులో చేరి మూడు నెలలైనా కాని నన్ను, ఇరవై మూడేళ్ళ మొనగాణ్ణి, మీటింగు గదికి మైకు సెట్టు కొనుక్కురమ్మని పంపారు మా మేనేజరు సారు.

ఆయనకు మేం చాటుగా పెట్టుకున్న పేరు నిమ్మలం సారు. ఎదుటివాళ్ళకు "నిమ్మలంగ ఉండుర్రి" అని చెబుతూ తను మాత్రం గోళ్ళు కొరుక్కునేవారు. ఆ వారం కొరకడానికి గోళ్ళు కూడా మిగల్లేదు పాపం. ఝరాసంగం వైపు ఆడవాళ్ళు పండించిన జొన్నలు మా పక్క గోదాములో అమ్ముడుపోకుండా పడి ఉన్నాయి. బెంగళూరు కంపెనీ ఒకటి మొత్తం కొంటామంది గానీ, ముందు రైతులతో వీడియోలో మాట్లాడాలంది. మొదటిసారి మా వాళ్ళ మాట అటువైపు ఒక్క ముక్క వినపడక, ఆ కంపెనీ ఆఫీసరు విసుక్కుని మధ్యలోనే కట్ చేశాడు. బతిమాలితే శుక్రవారం పదకొండు గంటలకు ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అదీ పోతే వానలు పడేలోపు దళారి అడిగిన ధరకు ఇచ్చుకోవడమే. "చిన్న గది. తక్కువల మంచిది సూడు. జర సోంచాయించి తీస్కో" అని, బాగా ఆలోచించి మరీ కొనమని సారు నన్ను సాగనంపారు.

సౌండు సెట్ల షాపు సేటు బుద్ధిమంతుడు. మొట్టమొదట అడిగిందే "గది ఎంత పెద్దగుంటది భాయ్?" అని. ఇరవై కుర్చీల గది అంటే మా ఆఫీసును బీద ఆఫీసు అనుకుంటాడని నా భయం. "వంద మంది పడ్తరు" అన్నాను. అతను చేతిలోకి తీసుకున్న చిన్న స్పీకర్ల జతను (మాకు అచ్చంగా సరిపోయేది అదేనని తర్వాత తెలిసింది) మళ్ళీ అరలో పెట్టేసి, నా నడుమెత్తు నల్ల బాక్సులు రెండు ముందుకు లాగాడు. పెళ్ళిళ్ళకు తిరిగినవి కాబట్టి చిన్నవాటి ధరకే ఇస్తానన్నాడు. ఇక పరీక్ష. నేను హైవే దాటి అవతల నిలబడ్డాను. మధ్యలో లారీలు పోతున్నా సేటు "హలో, హలో" అంటే నా గుండెల్లో మోగింది. అక్కణ్ణుంచే చెయ్యెత్తి బేరం ఖాయం చేశాను.

తెచ్చిన రోజే పెట్టి చూసుకుంటే పోయేది. సారు ఒప్పుకోలేదు. "శుక్రారం కొబ్బరికాయ కొట్టినంకనే ముట్టాలె" అన్నారు. శుక్రవారం తొమ్మిదింటికి కాయ కొట్టి, బాక్సులకు బొట్లు పెట్టి, స్విచ్చి వేశాం. నేను మైకులో "హలో" అన్నాను. నున్నటి టైల్స్ నేల, బోసి గోడలు. నా హలో నాలుగు హలోలై తిరిగొచ్చి, చివరికి చెవులు చిల్లులు పడే కూతగా మారింది. తగ్గిస్తే గొణుగుడు, పెంచితే కూత. సారు "నిమ్మలంగ..." అని మొదలుపెట్టి ఆ మాట పూర్తి చేయలేకపోయారు. సేటు షాపు తెరిచేది పదకొండుకు, మార్చుకొచ్చే వీల్లేదు. మేం అలా తలలు పట్టుకుని ఉండగానే షేర్ ఆటో ఆగి, ఎనిమిది మంది ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని దిగారు. వాళ్ళను చూడగానే నాకు నిజంగా ఏడుపొచ్చింది. వాళ్ళ ఏడాది కష్టం నా ఒక్కడి గొప్పలకు పోయేలా ఉంది.

వాళ్ళ నాయకురాలిని మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె లోపలికొచ్చి, కూత విని, కొంగుతో చెవులు మూసుకుని, గోడలను ఒకసారి కలియజూసింది.

"ఖాళీ ఇల్లు గిట్లనే ఒర్లుతది బిడ్డా. పంట ఇంట్లకొచ్చినంక సప్పుడు జేస్తదా? సంచులు దెచ్చి నింపుర్రి."

మాకు అర్థమయ్యేలోపే ఆమె గోదాము వైపు నడిచింది. ఇద్దరిద్దరు పట్టి జొన్నల సంచులు మోశాం, సారుతో సహా. గోడల వెంట ఛాతీ ఎత్తున ముప్పై సంచులు పేర్చాం. ఒక బాక్సు తీసేసి, రెండోదాన్ని మైకుకు దూరంగా మూలకు జరిపి, సౌండు బాగా తగ్గించాం. పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలున్నాయి. మైకులో "హలో" అన్నాను. ఒక్కటే హలో. తిరిగి రాలేదు.

తెర మీద ఆఫీసరు కనిపించాడు. జొన్నకు పురుగు పట్టదని నమ్మకమేంటని అడిగాడు. పెద్దమ్మ మైకు దగ్గరికి జరిగి, "ఎండల మంచిగ ఆరవోసినం సార్, ఏపాకు ఏసినం. మా పిల్లలు గూడ గవే తింటున్నరు" అంది. ఆయన ప్రతి మాటా విన్నాడు. "ఈసారి చాలా స్పష్టంగా ఉంది. ఆ వెనక సంచులేంటి?" అన్నాడు. సారు గది సంగతంతా చెప్పారు. ఆయన పెద్దగా నవ్వి, "ఎవరిదండీ ఈ ఆలోచన?" అన్నాడు.

నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. "నాదే సార్."

సారు నావైపు చూశారు. నా చెవులు కాలిపోయాయి. పెద్దమ్మ ఒక్కమాట అంటే నా ఉద్యోగం, నా మొహం రెండూ అక్కడితో సరి. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి మైకులో నెమ్మదిగా అంది: "అవ్ సార్. మా పిలగాడే. మస్తు తెలివి."

ఆర్డరు మొత్తం మాకే వచ్చింది. ఆడవాళ్ళ సంతోషం చూసి నా సిగ్గు సంగతి అందరూ మరిచారనుకున్నాను. సంచులు తీయడానికి సారు హమాలీలను పిలవబోతే పెద్దమ్మ ఆపింది. "ఎందుకు సార్ పైసలు దండుగ? ఆలోచన ఆయనదే గద, సంచులు గూడ ఆయ్‌నే మోస్తడు." ముప్పై సంచులు. ఎనిమిది మందీ వరండాలో కూర్చుని చాయ్ తాగుతూ, ఒక్కో సంచికీ నాకు ధైర్యం చెబుతూ, పగలబడి నవ్వారు. ఇరవయ్యో సంచి దగ్గర నేనూ నవ్వాను. క్షమించమని మాత్రం అడగలేకపోయాను.

ఇప్పటికీ శుక్రవారం అంగట్లో ఎదురైతే పెద్దమ్మ "నడుము ఎట్లుంది కొడుకా?" అని అడుగుతుంది. "మంచిగుంది పెద్దమ్మా" అంటాను. క్షమించమనే మాట మాత్రం ఇప్పటికీ అననే లేదు. ఆమె నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఆ ఇరవై మూడేళ్ళ మొనగాడు మాత్రం మా ఇద్దరి మధ్య తలదించుకుని ఇంకా సంచి మోస్తూనే ఉంటాడు.