అక్క పెట్టిన టిక్కులు

పరీక్ష రాసి వచ్చిన నా కూతురు ప్రశ్నపత్రం మీద పెన్సిల్‌తో టిక్కులు పెడుతుంటే, ఉదయగిరిలో నేను రాసిన పదో తరగతి జీవశాస్త్రం పరీక్ష గుర్తొచ్చింది.

ఆ పరీక్ష మా అక్క మూడుసార్లు తప్పింది. "నువ్వూ తప్పినావంటే బడి మానేసి మీ అక్కతో చేనికి పోవాల్సిందే," అన్నాడు నాయన. ఆ భయంతో అక్క ట్రంకుపెట్టె వెతికాను. కలరా ఉండల వాసన కొడుతూ ఆమె రాసిన మూడు పరీక్షల పేపర్లూ దొరికాయి. కొన్ని ప్రశ్నల పక్కన పెన్సిల్ టిక్కులున్నాయి. ముఖ్యమైనవి అవేననుకుని, మిగతా పుస్తకం మూసేసి వాటినే బట్టీ పట్టాను.

ఒకరోజు అక్క చూసింది. "టిక్కు పెట్టినవే చదవతా ఉండావా?"

"అవేగదా ఇంపార్టెంటు?"

అక్క ఆ మూడు పేపర్లూ తీసుకుని తిరగేసింది. "అవే చదువు. గుండె బొమ్మ మాత్రం బాగా దిద్దుకో," అంది.

హాల్లో పేపరు ఇచ్చారు. ఆ ప్రశ్నలు రాకపోతే రాయడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. రేపటినుంచి చేనే. భయపడుతూ పేపరు తిప్పాను. గుండె బొమ్మ ఉంది. ఇంకో రెండు కూడా ఉన్నాయి.

"నీ టిక్కులు మూడొచ్చినాయక్కా!" అని ఇంటికి పరిగెత్తుకొచ్చి చెబితే, వేరుశనక్కాయలు ఒలుస్తున్న అక్క తలెత్తకుండానే నవ్వింది. ఆ పరీక్ష నేను గట్టెక్కాను.

"ఆ టిక్కులెందుకే?" అని ఇప్పుడు నా కూతుర్ని అడిగాను.

"రాయలేక వదిలేసినవమ్మా."

గుండె బొమ్మకు అక్క మూడు పేపర్లలోనూ టిక్కు పెట్టింది.