ఒక బీడీ తాగినంత సేపు

కాక పోయాడని గురువారం పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది. నేను డ్యూటీకి టిఫిన్ డబ్బా కట్టుకుంటున్నాను. "సరే చిన్నమ్మా" అన్నాను. చావు కబురుకి అనాల్సిన మాట అది కాదని తెలుసు. ఫోన్ పెట్టేసి, డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూశాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్. ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో మట్టీ బొగ్గూ మోసే డంపర్ లారీల ఇంజన్లు విప్పి బిగించడంలోనే ఆయన సర్వీసంతా గడిచింది. నేను అక్కడే ఎలక్ట్రీషియన్ని. పాత కారొకటి కొని, దానికి టర్బో బిగించి ట్రాకు మీద ఉరికించాలని, మలుపుల్లో వెనక చక్రాలు జార్చుతూ డ్రిఫ్టు కొట్టాలని నాకు పిచ్చి పట్టినప్పుడు కాలనీ అంతా నవ్వింది. ఈయన మాత్రం బానెట్ ఎత్తమన్నాడు. చాలాసేపు చూసి, "బ్రేకులేవిరా?" అన్నాడు.

"ఉన్నయి గద కాకా."

"గివి బజారుకు పోనీకి సాల్తయి. ముందుగాల బండికి ఆగుడు నేర్పు. ఉరుకుడు తర్వాత సంగతి."

తెలంగాణ కోసం గనులన్నీ బందైన సమ్మె రోజుల్లో, క్వార్టర్ వెనక రేకుల కింద ఆ బండి తయారైంది. బ్రేకులు, పెద్ద రేడియేటరు, నూనె చల్లబరిచే గొట్టాలు అయ్యాక గానీ టర్బోని ముట్టుకోనివ్వలేదు. టర్బో అంటే మరేం లేదు, ఇంజన్ వదిలే పొగ తోపుడుకి తిరుగుతూ, ఇంజన్‌లోకే గాలిని కుక్కే చిన్న చక్రం. ఎంత గాలి కుక్కాలో మీటరు మీద ఎర్ర రంగుతో గీత గీసి, "దీన్ని దాటకు" అన్నాడు.

నేను దాటాను. మొదటిసారి ట్రాకుకి పోయినప్పుడు ఆయనకి చెప్పకుండా గాలి పెంచాను. నాలుగో చుట్టులో పిస్టన్ కరిగింది, బండి లారీ మీద ఇంటికొచ్చింది. తిడతాడని షిఫ్టు మార్చుకుని వారం రోజులు తప్పించుకు తిరిగాను. చివరికి ఆయనే వచ్చి ఇంజన్ విప్పి, కరిగిన పిస్టన్ నా చేతిలో పెట్టాడు.

"పెంచితే పెంచినవ్. నాకెందుకు జెప్పలే? నేను పరాయోన్నా?"

ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా బాగుండేది.

"నేను ఎక్కి కూసున్ననాడే నీ బండి తయారైనట్టు" అన్నాడు, పోతూ పోతూ.

తర్వాత ఆయన రిటైరై గోదావరి అవతల నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అయినా ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. ఒకసారి ధాన్యం తూచే కాంటాలు నాలుగు తెప్పించి, చక్రానికొకటి చొప్పున కింద పెట్టించాడు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, నాలుగు మూలలా బరువు కుదిరేదాకా స్ప్రింగులు తిప్పుతూనే ఉన్నాడు. "బండి ఒక్కటే తూగితె ఏం ఫాయిదా? నడిపెటోనితోని తూగాలె."

డంపర్ల దగ్గర ఒక అలవాటుంది. గట్టిగా ఉరికొచ్చిన ఇంజన్‌ని వెంటనే ఆపకూడదు. ఆపితే టర్బోకి నూనె అందక లోపలే మాడుతుంది. డ్రైవర్లు ఒక బీడీ తాగినంత సేపు ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపుతారు. కాకకి దగ్గు ముదిరి దవాఖానలో బీడీలు మాన్పించారు. ఆయన అంటించని బీడీని వేళ్ల మధ్య పట్టుకుని నా కారు పక్కన నిలబడేవాడు.

"అంటియ్యని బీడీ అయిపోయిందని ఎట్ల తెలుస్తది కాకా?"

"నా చెయ్యికెర్క."

కాసేపటికి ఆ చెయ్యి ఎత్తేవాడు. నేను తాళం తిప్పేవాణ్ణి. మా టర్బో ఒక్కసారి కూడా మాడలేదు. నాకు ఓపిక అంటూ కొంత వచ్చిందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

పోయిన ఆదివారం మైదానంలో డ్రిఫ్టు కొట్టి వచ్చాను. మీటరు ముల్లు ఎర్ర గీత దాటలేదు. కాక బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "గిప్పుడు మంచిగున్నది. అచ్చే ఐతారం నేనెక్కుత. మీ చిన్నమ్మకు జెప్పకు, లొల్లి జేస్తది."

గురువారం డ్యూటీకి పోలేదు. మోటారు సైకిలుండగా ఆ కారే ఎందుకు తీశానో తెలియదు. గోదావరి వంతెన దాటింది గుర్తులేదు. నస్పూర్‌లో ఇంటి ముందు ఆపాను. వాకిట్లో జనం. నేను దిగలేదు, ఇంజన్ ఆపలేదు.

కాక తమ్ముడు కిటికీ దగ్గరికొచ్చాడు. "బంద్ జెయ్యి తమ్మీ. సావింటి ముందట గీ సప్పుడేంది?"

గడపలో కూర్చున్న చిన్నమ్మ తలెత్తింది. "ఉండనియ్యి. ఇంక కాలె. ఇప్పుడే బంద్ జేస్తె గాయన తిడ్తడు."

ఆమెకి అంతా తెలుసు. ఆదివారం సంగతి కూడా తెలిసే ఉంటుంది.

నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. తాళం మీద వేళ్లు పెట్టుకుని, చెయ్యి ఎత్తుతాడేమోనని ఎడమ పక్క సీటు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంజన్ తిరుగుతూనే ఉంది.