గుమ్మం దగ్గర మెడ మీద చెయ్యి

మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ పోయారని పోయిన మంగళవారం పొద్దున్నే కబురొచ్చింది. కడియంలో నేను పనిచేసే నర్సరీలో అప్పుడు లారీకి గులాబీ మొక్కలు ఎక్కిస్తున్నాం. చేతిలోని మొక్కను కింద పెట్టి అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఆవిడంటే నాకంత ఇష్టమని అందరూ అనుకున్నారు. ఇష్టమే. కానీ నన్ను కూలదోసింది అదొక్కటే కాదు.

ఆవిడ రోజూ పొద్దున్న గుమ్మంలో నిలబడేవారు. వచ్చిన ప్రతి పిల్లా గడ్డం పైకెత్తాలి. ఆవిడ చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు మెడకు ఆనించి చూసేవారు. చల్లగా ఉంటే లోపలికి, వెచ్చగా ఉంటే తల్లితో ఇంటికి. ఎంత బతిమాలినా వినేవారు కాదు. "నువ్వొక్కదానివి పనికెళ్ళడం కోసం ఇరవైమంది పిల్లలు మంచం పట్టాలా అమ్మా?" అనేవారు. మొండి మనిషని నేనూ తిట్టుకున్నదాన్నే.

వానాకాలం మొదలైతే ఆవిడ హడావుడి చూడాలి. పాత సాక్సులో సబ్బు వేసి కుళాయికి కట్టేవారు. తమ పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, ఊరి పేరు చెప్పడం అయ్యేదాకా పిల్లలు చేతులు రుద్దాలి. పప్పులో మునగాకు పడేది. ఉసిరికాయ ముక్కలు ఉప్పద్ది పెట్టేవారు. జల్లు కొడుతున్నా కిటికీ ఒక రెక్కయినా తెరిచి ఉండాల్సిందే. "జలుబు రాకుండా ఏ కషాయం పట్టమంటారండి?" అని ఒకసారి అడిగాను.

"కషాయం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫోను లాక్కుని పిల్లని పెందలాడే పడుకోబెట్టు. నిద్ర చాలని పిల్లకి ఏం పట్టినా ఒంటబట్టదు" అన్నారు. జ్వరం వస్తే మాత్రం చిట్కాలతో కూర్చోనిచ్చేవారు కాదు, డాక్టరుకు చూపించమనేవారు.

పోయిన నెలలో ఒకరోజు మా నాలుగేళ్ళ అమ్మాయి ఒళ్ళు కాలుతూ లేచింది. ఆ రోజు రెండు లారీల లోడు. మానేస్తే మేస్త్రి మళ్ళీ పిలవడు. జ్వరం సిరప్పు పోసి, ఒళ్ళు చల్లబడేదాకా ఆగి తీసుకెళ్ళాను. పిల్ల గడ్డం ఎత్తింది. ఆవిడ చెయ్యి ఆనించి, "వెళ్ళమ్మా లోపలికి" అన్నారు. నా అంత తెలివైనది లేదనుకుంటూ పనికి పోయాను.

మధ్యాహ్నం ఫోను చేశారు. లోడు వదిలి వెళ్ళేసరికి గంట దాటింది. మిగతా పిల్లలకు దూరంగా, వసారాలో, మా అమ్మాయిని ఒళ్ళో పడుకోబెట్టుకుని తడిగుడ్డ వేస్తున్నారు. ఆవిడ అసలే ఆయాసం మనిషి.

"పొద్దున్న మందేమైనా పోశావా అమ్మా?"

"లేదండి."

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. "సరే, డాక్టరుకు చూపించు. తగ్గేదాకా పంపకు" అన్నారు.

వారం తిరక్కుండా ఆవిడకు జ్వరం, దగ్గు. రాజమండ్రి ఆసుపత్రికి చూడ్డానికి వెళితే, ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "పాపకి తగ్గిందా?" అని అడిగారు. తగ్గిందండి అన్నాను. ఆ రోజు మందు పోసిన మాట నోటిదాకా వచ్చింది. కాస్త కోలుకున్నాక చెబుదాంలే అని మింగేశాను. ఆవిడ కోలుకోలేదు.

సీజను అలా ఉందని అందరూ అంటున్నారు. కావచ్చు. ఎవరి జ్వరం ఎవరికి అంటిందో ఎవరు చెప్పగలరు? చెప్పలేరు కాబట్టే నా మనసుకు స్థిమితం లేదు. ఆవిడకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను.

కొత్త టీచరమ్మ ఇంకా రాలేదు. ఆయా తలుపు తీసి పిల్లల్ని లోపలికి పంపేస్తోంది. నిన్న మా అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, గడ్డం పైకెత్తి నిలబడింది. వెనకవాళ్ళు తోస్తున్నా కదల్లేదు. నేనే వంగి, చెయ్యి తిరగేసి, మెడకు ఆనించాను.

"చల్లగా ఉందా అమ్మా?" అంది.

చల్లగానే ఉంది. ఈసారి నేనేమీ పోయలేదు. అయినా ఆ చెయ్యి తియ్యడానికి నాకు చాలాసేపు పట్టింది.